వైదేహి చెప్పులు

రేపల్లెలో అనంతకృష్ణ పంతులుగారు పొద్దున్నే స్నానం, సంధ్య ముగించి పంచాంగం ఒక చేత్తో, సెల్‌ఫోను ఒక చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చుంటారు. ఇంటిల్లిపాదికీ ఆ ఫోను ఒక్కటే. తెనాలి ఆస్పత్రిలో భార్య వైదేహి పేరు రాయించినప్పుడూ ఆ నంబరే ఇచ్చారు.

వైదేహికి రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. ఎప్పుడు రావాలో ఆస్పత్రివాళ్లు ముందురోజే మెసేజ్ పెడతారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మొదటిసారి వచ్చినప్పుడు పంతులుగారు పంచాంగం తిరగేసి, "రేపు వర్జ్యం ఉందే, తర్వాత చూద్దాం" అన్నారు. వర్జ్యమూ లేదు, గిర్జ్యమూ లేదు. ఆడవాళ్ల వార్డు ముందు బెంచీ మీద తనని తెలిసినవాళ్లు చూస్తారని సిగ్గు. అంతే.

మర్నాడు వైదేహి చెప్పులు బయల్దేరాయి. వెళ్లాల్సిన మనిషి ఆగిపోతే చెప్పులు వెళ్లడం ఆ పక్క మామూలే. తెనాలి బస్సులో కండక్టరు అందర్నీ కాళ్లు జరుపుకోమని వాటికి చోటిచ్చాడు. సాయంత్రం తిరిగొస్తే వైదేహి దుమ్ము తుడిచి గుమ్మం పక్కన పెట్టుకుంది.

రెండో మెసేజ్ సంగతి పంతులుగారు చెప్పనే లేదు, చెరిపేశారు. తెల్లారేసరికి చెప్పుల్లేవు.

"ఏవండీ, ఆస్పత్రి నుంచి ఏమైనా వచ్చిందా?"

"రాలేదే" అని, ఆవిడ మొహం చూడకుండా భట్టిప్రోలు వెళ్లిపోయారు.

అక్కడ రైతు శివరామయ్య ఇంట్లో వ్రతం. పంతులుగారు ఫోను అతని చేతికిచ్చి కలశం సర్దుతున్నారు. అది కుయ్‌మంది. శివరామయ్య సాయం చేద్దామని పదిమందికీ వినపడేలా చదివాడు.

"వైదేహి గారి చెప్పులు వచ్చాయి. ఆవిడ రాలేదు. పోయినసారీ ఇంతే. నిన్న మెసేజ్ పెట్టాం. సాయంత్రం దాకా డాక్టరమ్మ ఉంటారు."

"ఏంటండి పంతులుగారూ, అమ్మగారికి బాలేదా?" అంది శివరామయ్య భార్య చంద్రకళ.

కలశం మీద కొబ్బరికాయ నిలవలేదు.

"మీరు బయల్దేరండి. వ్రతం రేపు పెట్టుకుందాం" అన్నాడు శివరామయ్య.

"రేపు ఘడియలు..."

"మీరు మంచివంటే మంచివేనండి. మీ మాట మీదే కదండీ మేం నడిచేది."

అందులో వెటకారం లేదు, ఉన్నదంతా నమ్మకమే. పంతులుగారికి తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్లి, "మెసేజ్ వచ్చింది. రెండుసార్లూ నేనే అబద్ధమాడాను" అని చెప్పేశారు. వైదేహి ఒట్టి కాళ్లతో తెనాలి బస్సెక్కింది. పంతులుగారూ వెనకాలే ఎక్కారు. ఆస్పత్రి మెట్ల దగ్గర ఎవరెవరివో చెప్పుల మధ్య ఆవిడవి గుమ్మం వైపు తిరిగి నిలబడి ఉన్నాయి.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. గడ్డ ఇంకా పాకలేదు, వెంటనే తీసేస్తే ప్రాణానికి భయం లేదంది. ఇంకొన్నాళ్లు ఆగుంటే తన చేతిలో ఉండేది కాదని కూడా అంది.

కౌంటర్లో పేర్లు రాసే ప్రమీలారాణి అడిగింది. "ఇకముందు కూడా మెసేజ్ ఈ నంబరుకేనాండి?"

పంతులుగారు నోరు తెరిచేలోగా వైదేహి అందుకుంది. "వద్దమ్మా. మా పక్కింటి ధనమ్మగారి నంబరు రాసుకో."

ఆయన ఫోను నడుముకి దోపుకున్నారు. బయటికొచ్చాక వంగి, జనమంతా చూస్తుండగా, చెప్పులు ఆవిడ కాళ్ల దగ్గర పెట్టారు. ఆవిడ తొడుక్కుంది. ఆయన వైపు చూడకుండా ముందు నడిచింది.