అట్టలాయన బొటనగోరు

పాత పుస్తకాలకు కొత్త అట్టలు కట్టే ఆ మనిషిని వీధివీధంతా అట్టలాయన అనే పిలిచేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. బొటనగోరు కింద నల్లమచ్చ కనబడితే, "సిరా అంటుకుందిలే" అని తేల్చిపారేశాడు. సబ్బుతో తోమినా, బ్రష్షుతో రుద్దినా పోని సిరా ఎక్కడైనా ఉంటుందా? చివరికి భార్యే అతణ్ణి చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ భూతద్దంతో చూసింది. "వేలికి దెబ్బేమైనా తగిలిందా?"

"లేదమ్మా. నా చేతిలో సుత్తి ఒక్కనాడూ గురి తప్పలేదు."

"చూడ్డానికి నెత్తురు గడ్డకట్టినట్టే ఉంది. దెబ్బే లేదంటున్నారు కాబట్టి కాస్త కనిపెట్టి చూడాలి. అరుదుగా గోరు కింద క్యాన్సరు కూడా ఇలాగే మొదలవుతుంది. అదే అయితే వేలి కొస తీసేయాల్సి రావచ్చు. అప్పుడే కంగారుపడకండి."

ఆవిడ మచ్చ వెనక అంచున, గోరు మీద, బ్లేడుతో సన్నటి గీత పెట్టింది. నెత్తురైతే గోరు పెరిగేకొద్దీ గీతతో పాటే ముందుకు పోతుందనీ, మచ్చ గీత దాటి వెనక్కి కనబడితే చిన్న ముక్క తీసి పరీక్షించాలనీ చెప్పి, నెలన్నర ఆగి రమ్మంది.

బొటనవేలు లేని అట్టలాయన! దారం బిగించాలన్నా, అట్ట మీద గుడ్డ సర్దాలన్నా అతనికి దిక్కు ఆ వేలే. పైకి మీసం మెలేస్తూనే, గంటకోసారి కిటికీ దగ్గరికెళ్ళి ఆ గీత కేసి చూసుకునేవాడు.

గడువు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం, దుకాణం మూసే వేళ అతని కేక వినబడింది. "ఏమే! గీత ఏదే?"

లోపల కాగితాలు కుడుతున్న భార్య పరుగెత్తుకొచ్చి గోరు చూసింది, ఆ తర్వాత అతని ఒళ్ళోని గరుకు కాగితం చూసింది. అట్టల గుడ్డకు గోళ్ళు తగిలి పోగులు లేస్తాయని రోజూ పని ముగిశాక గోళ్ళను నున్నగా రుద్దుకోవడం ఆయనగారి అలవాటు. ఆ రుద్దుడులో గీత కాస్తా హుష్‌కాకి! ఇంత ఘనకార్యం చేయడం ఇంకొకరి వల్ల అవుతుందా?

"నా చేతులతో నేనే చెరిపేసుకున్నానే. ఇప్పుడెలా తెలుస్తుంది?" అంటూ కూలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది. భార్య దుమ్ము దులిపేస్తుందనుకున్నాడు. ఆవిడ ఒక్క మాటా అనకుండా చెప్పులు తొడుక్కుంది. తిట్టకపోయేసరికి అతని పైప్రాణాలు పైనే పోయాయి.

డాక్టరమ్మ సంగతి విని నవ్వాపుకోలేకపోయింది. మళ్ళీ భూతద్దం పట్టింది.

"గీత పోతే పోయింది. ఇటు చూడండి. మచ్చ ఇంతకుముందు చర్మాన్ని ఆనుకుని ఉండేది. ఇప్పుడు మధ్యలో బియ్యపుగింజంత కొత్త గోరు శుభ్రంగా వచ్చింది. మచ్చ మొత్తం ముందుకు జరిగింది. ఇది నెత్తురే, క్యాన్సరు కాదు. దెబ్బ ఎలా తగిలిందో మరి! మీరు రోజూ చేసే పనేదో ఈ కాగితంతో చేసి చూపించండి."

అతను కాగితం మడిచి, అలవాటుగా బొటనగోటిని మడత మీద ఆనించి, బలమంతా పెట్టి కీచుమనేలా గీశాడు.

"అదుగో!" అని లేచింది భార్య. "మడతలు నొక్కడానికి చెక్కపలక కొనిస్తే, గోరుండగా చెక్కెందుకన్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు కదండీ!"

"గొడ్డలిదాకా రాలేదు లెండి," అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక మెట్ల మీదే మొదలైంది. మొండితనం, సిరా కథ, గరుకు కాగితం, పెళ్ళినాటి నుంచీ చేసినవన్నీ ఒక్కొక్కటే బయటికి లాగి భార్య అతణ్ణి వీధి పొడవునా ఉతికి ఆరేసింది. ఎదురొచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. అతనికి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. మలుపు దగ్గర ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఆపావేమే?" అన్నాడు, ఆ బొటనవేలితోనే కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకాస్త తిట్టు."