ఈనాక్ పేరెక్కిన పలక

మంగళవారం గంటల సాధనకి ఈనాక్ రాలేదు. అంటే చచ్చిపోయాడని అందరం అనుకున్నాం.

ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. మా థార్ప్‌వెల్ చర్చి గంటగోపురంలో మంగళవారం ఎగ్గొట్టడానికి చావు తప్ప ఇంకో కారణం చెబితే ఎవరూ వినరు. ఇంట్లో పెళ్ళానికి నొప్పులొస్తుంటే వచ్చి తాడు పట్టినవాళ్ళున్నారు. ఈనాక్ అయితే తన పెళ్ళి మంగళవారం పడిందని విందు మధ్యలో లేచొచ్చేశాడు. ఆ పెళ్ళి నిలవలేదు లెండి, అది వేరే సంగతి.

"పోయాడు పాపం," అంది మా నాయకురాలు మ్యూరియల్, కళ్ళు ఒత్తుకుంటూ.

"ఒకసారి ఇంటికెళ్ళి చూద్దామా?" అన్నాను.

"ఎందుకే హెస్టర్? బతికుంటే ఇక్కడే ఉండేవాడుగా!"

నిజమే కదా అనుకుని నేనూ కళ్ళు ఒత్తుకున్నాను.

శనివారం అతని పేరున పెద్ద మోత మోగించాలనుకున్నాం. పెద్ద మోత అంటే మాటలు కాదు. పొద్దున్న టీ తాగి మొదలుపెడితే భోజనాల వేళ దాకా ఆరుగురం ఆపకుండా మోగించాలి. ప్రతిసారీ గంటల వరస మారాలి, ఒకసారి మోగిన వరస మళ్ళీ రాకూడదు. కాగితం చూడకూడదు. తాడు వదలకూడదు, పక్కవాళ్ళకి ఇవ్వకూడదు. మోగించేవాళ్ళు కాక బయటి మనిషెవరైనా నోరు విప్పి ఫలానా గంట వెనకాల రమ్మని దారి చెప్పారా, అంతసేపటి చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. అన్నీ సవ్యంగా జరిగితే మాత్రం గోపురం గోడ మీద చెక్క పలక వేలాడదీసి, బంగారు అక్షరాలతో మోగించినవాళ్ళ పేర్లు రాయిస్తారు.

ఈనాక్ జన్మంతా కోరుకున్నది ఆ పలకే. ఏళ్ళ తరబడి ప్రయత్నించాం. ప్రతిసారీ సరిగ్గా చివర్లో, ఒక్కటే చోట, అతనే దారి తప్పేవాడు. అతని ఐదో గంట నా నాలుగో గంట వెనకాల రావాలి. ఈయన ముందుకి దూకేవాడు. అంతే, వరసంతా గందరగోళం. తాళ్ళు వదిలేసి అందరం తిట్టేవాళ్ళం. పక్క గంట నాది కాబట్టి నా తిట్లే ఎక్కువ.

శనివారం గంటల నాలుకలకి ఒక పక్క తోలు కట్టాం. ఒక దెబ్బ గట్టిగా, ఇంకో దెబ్బ ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు మోగుతుంది. చావుకి అలాగే మోగిస్తాం. ఐదో తాడుకి మనిషి లేక పక్కూరి క్లెమెంట్‌ని పిలిచాం. గుమ్మడికాయల పోటీలో అతని చేతిలో ఓడిపోయినప్పటి నుంచీ ఈనాక్‌కి అతనంటే ఒళ్ళుమంట. పోయినవాడికి మంటేముంటుందిలే అనుకున్నాం.

మోత అద్భుతంగా సాగింది. సిగ్గుపడేంత అద్భుతంగా. ఈనాక్ లేకపోతే ఇంత హాయిగా ఉంటుందా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకోలేకపోయాం.

ఇంక కాసేపట్లో అయిపోతుందనగా తలుపు తెరుచుకుంది. ఈనాక్! ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో టోపీ.

"బస్సు దిగుతూనే విన్నాను," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరు పోయారు?"

"నువ్వే," అంది మ్యూరియల్ తాడు లాగుతూనే.

"నేనా? ఎప్పుడు?"

"మంగళవారం. సాధనకి రాలేదుగా!"

"అక్కను చూద్దామని వెళ్తే ఆ ఊళ్ళో బస్సు చెడిపోయిందమ్మా. ఇవాళ్టిదాకా బాగుచెయ్యలేదు." కాస్త ఆలోచించి తలూపాడు. "నిజమేలే, మీరు మాత్రం ఇంకేమనుకుంటారు!" అంతలో క్లెమెంట్ కనిపించాడు. "ఒంట్లో ప్రాణం ఉండగా నా తాడు వీడికిస్తారా?"

"ప్రాణం లేదనేగా ఇచ్చాం!" అంది మ్యూరియల్.

"ఆపేద్దామా పెద్దాయనా?" అన్నాను. చెమట కళ్ళల్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఆగండాగండి. పలక మీద ఏం రాస్తారు?"

"ఈనాక్ పార్జిటర్ జ్ఞాపకార్థం అని."

"బంగారు అక్షరాలేనా?"

"బంగారువే."

బెంచీ మీద కూలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు. "అయితే నేను పోయాను. మీరు కానివ్వండి."

కానిచ్చాం. ఆ పాడు చోటు రానే వచ్చింది. క్లెమెంట్ కళ్ళు తేలేశాడు. చూస్తే ముందుకి దూకేలా ఉన్నాడు. ఈనాక్ దిగ్గున లేచాడు.

"హెస్టర్ వెనకాల రారా గాడిదా!"

వచ్చాడు. వరస దక్కింది. చివరి దెబ్బ పడి గంటలు ఆగాక అందరం చెమట తుడుచుకున్నాం.

"బయటి మనిషి దారి చెప్పాడు. చెల్లదు," అన్నాడు క్లెమెంట్.

"నియమంలో ఉన్నది మనుషుల సంగతి. పోయినవాళ్ళ ఊసే లేదు," అంది మ్యూరియల్. "ఏమయ్యా ఈనాక్, ఉన్నావా, పోయావా?"

"పోయాను," అన్నాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

పలక గోడెక్కింది. తర్వాతి మంగళవారం ఈనాక్ బూట్లు తళతళలాడించుకుని వచ్చాడు, పలక కింద నిలబడి తన పేరు తనివితీరా చదువుకున్నాడు. ఆనక ఐదో తాడు మీద చెయ్యి వేశాడు. మ్యూరియల్ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"పోయినవాడు గంట కొట్టడం ఎక్కడైనా ఉందా? నువ్వు కొడితే బతికున్నట్టే. బతికుంటే పలక చెల్లదు."

బెంచీ మీద కూర్చున్నాడు. ఆ వారమే కాదు, చలికాలమంతా అలాగే కూర్చున్నాడు. మేం ఐదుగురం మోగిస్తుంటే అతని చేతులు ఖాళీ గాలిలో పైకీ కిందికీ ఆడుతుండేవి. నాకు చూడబుద్ధయ్యేది కాదు. అటు చూస్తే నా వరస కూడా తప్పేది.

ఒక మంగళవారం మూల నుంచి స్టూలు లాక్కుని ఎక్కాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పలక మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" మ్యూరియల్ కేక పెట్టింది.

"దింపేస్తున్నాను. నావల్ల కావట్లేదమ్మా, చచ్చి ఉండడం."

"అందులో మా పేర్లు కూడా ఉన్నాయి ముసలోడా!" అన్నాను. నాకూ అదే మొదటి పలక. ఏడుపొచ్చేసింది.

"తెలుసు తల్లీ." పలకని గోడకి తిప్పి ఆనించాడు. బంగారం కనిపించకుండా. "మళ్ళీ చివర్లో నేనే చెడగొట్టాను."

ఒళ్ళు మండిపోయింది. విసవిసా వెళ్ళి ఐదో తాడు కొక్కెం నుంచి తీసి అతని చేతిలో కుక్కాను.

"పట్టుకో. ఈసారైనా నా వెనకాల రా."

వచ్చాడనుకున్నారా? సరిగ్గా ఆ చోటుకి రాగానే ముందుకి దూకాడు. తాళ్ళు వదిలేశాం. అబ్బ, అతన్ని తిట్టి ఎన్నాళ్ళయిందో! కడుపునిండా తిట్టాను.