నాలుక మీటరు

జీవితమంతా ఇళ్లకు వైరింగు చేసిన మనిషి మామగారు. మీటరు సంచిలోనే ఉంచి, ఏ బ్యాటరీనైనా నాలుకకు ఆనించి చూడటం ఆయన అలవాటు. చురుక్కుమంటే ప్రాణముంది, లేకపోతే చెత్తబుట్ట.

"నా నాలుక అబద్ధం చెప్పదమ్మాయ్," అనేవారు. తక్కిన విషయాల్లో ఆ నాలుక సంగతి కోడలికి తెలుసు.

ఆ ఉదయం ఆయన చెవి మిషను మూగబోయింది. దాని బొత్తాం బ్యాటరీని నాలుక మీద వేసుకుని, రెండు చేతులా మిషను తుడుస్తున్నారు. కోడలు రోజూలాగే బీపీ మాత్ర నోటికందించి, గ్లాసు ఆనించింది. ఆయన గటగటా తాగేశారు. ఆపైన బల్లంతా తడుముకోసాగారు.

"ఏం పోయింది మామయ్యగారూ?"

"ఆఁ?"

"ఏం పోయిందీ అంటున్నా."

"బ్యాటరీ. ఇందాక నోట్లోనే ఉండాలే. మాత్ర అడ్డం పడ్డట్టుంది, ఇంకాసిని నీళ్లియ్యి."

కోడలు గ్లాసు పక్కన పెట్టి, ఆసుపత్రికి టాక్సీ పిలిచింది. తడి కండ తగిలితే బ్యాటరీలోంచి కరెంటు పారుతుంది, అక్కడ క్షారం పుట్టి కండను తినేస్తుంది. డిగ్రీలో బట్టీపట్టిన రసాయనశాస్త్రం ఇలా అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు.

టాక్సీలో ఆయన నైలాన్ స్వెట్టరు సీటుకు రాసుకుంటూనే ఉంది. చెయ్యి పట్టుకోబోతే చిటుక్కుమని రవ్వ కొట్టింది. పొడిగాలికి బట్టల్లో పుట్టే కరెంటేనని తెలిసినా, ఆయన లోపలినుంచే వచ్చిందనిపించింది కోడలికి.

"ముట్టుకోకు, లైన్లో ఉన్నా," అని నవ్వబోయి దగ్గారు. ఉమ్మి మింగుతూ మొహం చిట్లించారు.

ఎక్స్‌రేలో గొంతు కింద తెల్లటి బిళ్ల గుండ్రంగా కనిపించింది.

"ఆహారనాళంలో ఇరుక్కుంది," అన్నాడు డాక్టరు. "గొట్టం వేసి ఇప్పుడే తీయాలి. చుట్టూ ఎంత కాలిందో చూస్తేగానీ చెప్పలేను."

"వాడేసిందేనండీ అది."

"వాడేసిన దాన్లోనూ మిగిలుంటుందమ్మా. పెద్దాయనకు చెప్పండి."

"ఏమంటున్నాడు?" ట్రాలీ మీంచి అడిగారు మామగారు.

ఆయనకు వినబడాలంటే వార్డంతా దద్దరిల్లేలా అరవాలి. కాఫీ కావాలా అని రోజూ అలాగే అరుస్తుంది. ఇప్పుడు ఇది అరిచి చెప్పలేకపోయింది. నీళ్లు పట్టించింది తనే. ఆయన ఛాతీ మీద వేలు ఆనించి, అక్కడే ఉంచేసింది.

ఆయన ఆ వేలి వంకా, ఆమె మొహం వంకా చూశారు.

"అలాగా," అన్నారు.

పళ్ల సెట్టు తీసి ఆమె అరచేతిలో పెట్టారు. ట్రాలీ కదిలింది. తడిసిన ఆ పళ్లను కొంగులో చుట్టుకుని, మూసుకున్న తలుపు ముందు ఆమె నిలబడిపోయింది.