ఎవరు పోశారు?

"ఏం తిన్నాడు?" అని అడిగింది డాక్టరు.

"పానీపూరీ అండి. బయట బండి మీద తిన్నాడట. పిల్లలు కదా, చెబితే వినరు" అన్నాడు ఉదయ్ భాస్కర్.

సుష్మ అప్పుడే క్యాజువాల్టీ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆఫీసు కార్డు మెడలోనే ఉంది. గచ్చిబౌలి నుంచి బైక్ టాక్సీ మీద వచ్చిన ఆమె హెల్మెట్ తిరిగి ఇవ్వడం కూడా మరిచిపోయి చేత్తోనే పట్టుకొచ్చింది. మంచం మీద ఉన్నది తన కొడుకేనని పోల్చుకోవడానికి ఆమెకు క్షణం పట్టింది. హేమంత్ పెదవులు నీలంగా మారాయి. చెంప మీద ఏదో ఎండి అట్టకట్టింది. పదో తరగతి పిల్లాడు, ఇంకా మీసం కూడా సరిగా మొలవలేదు. పొద్దున ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాలోంచి ఘాటైన వాసన కొడుతోంది.

"పానీపూరీ తింటే ఈ వాసన రాదు" అంది డాక్టరు, గుడ్డలు కత్తిరిస్తూనే. "తల్లి మీరేనా? ఏం తాగాడు, ఎంత తాగాడు, ఎప్పుడు పడిపోయాడు? మీరు దాచిపెట్టే కొద్దీ నష్టం ఇతనికే."

ఉదయ్ భాస్కర్ సుష్మ మోచేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

"కంగారు పడకండి సుష్మగారూ. ఆల్కహాల్ అని రాశారనుకోండి, ఇన్సూరెన్స్ వాడు పైసా ఇవ్వడు. పోలీసులొస్తారు. మీ మంచికే చెబుతున్నానండి."

ఉదయ్ భాస్కర్ మాటకు సుష్మ ఎదురు చెప్పిన రోజు ఇప్పటిదాకా లేదు. మొగుడు విడిచిపెట్టి బెంగుళూరు వెళ్లిపోయాక, తల్లినీ కొడుకునూ వెంటేసుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్నప్పుడు, తన ప్రాజెక్టులో టెస్టింగ్ పనికి కాంట్రాక్టు మీద పెట్టించింది ఆయనే. పుప్పాలగూడలో తాను సంఘం అధ్యక్షుడిగా ఉన్న అపార్ట్‌మెంట్‌లో చిన్న ఫ్లాటు కిరాయికి ఇప్పించిందీ ఆయనే. ఆయన కూతురు రసజ్ఞ, హేమంత్ ఒకే క్లాసు. ప్రీఫైనల్ పరీక్షలు అయిపోయిన సందర్భంగా ఇంట్లో పార్టీ పెడుతున్నాం, హేమంత్‌ని పంపండి అని ఆయనే ఫోన్ చేస్తే, అంత పెద్దవాళ్లింటికి తన కొడుకును పిలిచారని సుష్మ పొంగిపోయింది. శనివారమైనా ఆఫీసులో పని ఉండి తను వెళ్లింది. కొడుకు ఆ ఇంటికి వెళ్లాడు.

"మందు తాగినాడా నా కొడుకు?" అంది సుష్మ.

"గేటు దగ్గర నర్సింహ లేడూ, వాడు తెచ్చిచ్చాడట. పిల్లలు వాడి చేతిలో ఏదో పెట్టి తెప్పించుకున్నారు. నేను గదిలో కాల్‌లో ఉన్నానండి. నాకేం తెలుస్తుంది?"

సుష్మ చెయ్యి విడిపించుకుని మంచం దగ్గరికి వెళ్లింది.

"మందు తాగినాడు మేడం. ఎంతనేది నాకు తెలీదు. ఇన్సూరెన్స్ వచ్చినా రాకపోయినా సరే, అదే రాసుకోండి."

ఆ మాటతో ఉదయ్ భాస్కర్ మొహం బిగుసుకుంది.

గొట్టాలు వేసి, ఐసీయూకి మార్చాక డాక్టరు బయటికొచ్చింది. "ఈ వయసులో ఒంట్లోకి అంత మందు ఒక్కసారిగా పోతే ఊపిరి తీసుకోవడమే మందగిస్తుంది. ఎవరో వెల్లకిలా పడుకోబెట్టి వదిలేశారు. కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోయింది. పడుకుంటే దిగిపోతుందనుకుంటారు, అదే ప్రాణం తీస్తుంది. పక్కకు తిప్పి, వెంటనే అంబులెన్స్ పిలిచి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అంది. బతుకుతాడా అని సుష్మ అడిగితే, "చూద్దాం" అని మాత్రం అంది.

కబురు విని వచ్చిన తల్లిని ఐసీయూ దగ్గర కూర్చోబెట్టి, కొడుకు ఆధార్ కార్డు, ఆమెకు రెండు చీరలు తీసుకురావడానికి సుష్మ ఇంటికి వెళ్లింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నర్సింహ కనిపించాడు. వయసు మీదపడిన మనిషి, నీలం యూనిఫాం వదులుగా వేలాడుతోంది. ఆమెను చూసి ఆదుర్దాగా ఎదురొచ్చాడు.

"అమ్మా, బాబు ఎట్లున్నడు? దవాఖాన్ల ఏమన్నరు?"

సుష్మ అతని చెంప ఛెళ్లుమనిపించింది. నర్సింహ టోపీ ఎగిరి కింద పడింది.

"నా బిడ్డకు విషం తెచ్చిచ్చి, ఎట్లుండాడని అడుగుతావా? నీకు బిడ్డల్లేరా?"

"నేనేం తేలేదమ్మా! పోషమ్మ తల్లి సాక్షి..."

పార్కులో నడుస్తున్నవాళ్లు, బాల్కనీల్లో ఉన్నవాళ్లు, అందరూ చూశారు. ఎవరో "ఇంకో నాలుగు తగిలించండి మేడం" అన్నారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్లొచ్చి నర్సింహను జీపెక్కించుకుని పోయేటప్పుడు సుష్మ అక్కడే నిలబడి చూసింది. అరచెయ్యి మండుతుంటే ఆమెకు కాస్త ఊరటగా కూడా అనిపించింది.

ఆమె బీరువా వెతుకుతుండగా తలుపు కొట్టిన చప్పుడైంది. తీసి చూస్తే రసజ్ఞ నిలబడి ఉంది. చేతిలో హేమంత్ బూట్లు ఉన్నాయి. ఆ పిల్ల లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు.

"ఆంటీ, హేమంత్ లేచాడా?"

"లేదమ్మా."

రసజ్ఞ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నర్సింహ అంకుల్ తేలేదు ఆంటీ. మా ఇంట్లో డాడీ బార్‌లోదే. డాడీయే పోశారు. ఎక్కడో దొంగచాటుగా తాగేకంటే ఇంట్లో, నా కళ్ల ముందు నేర్చుకోండి అన్నారు. అందరికీ కోలాలో కలిపి ఇచ్చారు. తర్వాత కాల్ ఉందని లోపలికెళ్లిపోయారు. సీసా టేబుల్ మీదే ఉంది. ఆపకుండా ఎవరు తాగుతారని పందెం వేసుకున్నారు. హేమంత్ వద్దన్నాడు ఆంటీ. అమ్మ కూచీ అన్నారు. దాంతో తాగేశాడు."

"పడిపోయినాక?"

"డాడీ వచ్చి చూశారు. గెస్ట్ రూంలో పడుకోబెట్టమన్నారు. అంబులెన్స్ పిలుద్దాం అంటే అమ్మ... అందరికీ తెలిసిపోతుంది అంది. చాలాసేపు అయ్యాక వెళ్లి చూస్తే ఊపిరి వింతగా..."

సుష్మ బూట్లు అందుకుంది. లేసులు ఇంకా ముడివేసే ఉన్నాయి. ఎవరో కాళ్లకు తొడిగినవి తొడిగినట్టే లాగి పారేశారు.

కిందికి దిగింది. సెల్లార్‌లో కార్ల వెనక, జనరేటర్ పక్కన ఒక గది నర్సింహది. గుమ్మంలో అతని భార్య కూర్చుని ఉంది. పొద్దున మెట్లు కడిగే మనిషి. సుష్మను చూసి లేవలేదు.

"తప్పు చేసినానమ్మా" అంది సుష్మ. "మీ ఆయన ఏమీ తేలేదు. నాకు ఇప్పుడే తెలిసింది. క్షమించు."

"ఇప్పుడెర్కైందా నీకు?" ఆమె గొంతు పెద్దది కాలేదు. "పోయిన నెల పోరగాండ్ల సంచిల సీసాలు దొర్కితే, మా ఆయన తీస్కపోయి గా ప్రెసిడెంట్ సారుకే అప్పజెప్పిండు. ఓనర్ల పిల్లల సంచులు జూస్తవారా, నీకెంత ధైర్యం అని తిట్టి పంపిండు. అప్పటి సంది సంచులు జూసుడు బంద్ జేసిండు. ఇగ ఇయ్యాల ఆయన్నే దొంగను జేస్తిరి."

"నేను పోలీస్ స్టేషన్‌కు పోయి చెప్తా."

"నువ్వు కొట్టింది పోలీస్ స్టేషన్లనా? నలుగుర్ల కొట్టినవ్. ఈడ నా చెవుల చెప్తే ఏమొస్తది? నలుగుర్లనే చెప్పు." ఆమె లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆదివారం పొద్దున ఉదయ్ భాస్కర్ ఐసీయూ బయటికి పళ్ల సంచితో వచ్చాడు. సుష్మ పక్కన ఆమె తల్లి అనసూయమ్మ బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది.

"పదింటికి క్లబ్‌హౌస్‌లో మీటింగ్ ఉందండి. ఎస్సైగారు కూడా వస్తారు. హాస్పిటల్ బిల్లు సంగతి మీరు మరిచిపోండి, అంతా నేను చూసుకుంటా. మీరొక్క మాట చెప్పాలి. నర్సింహ తెచ్చిస్తుంటాడని హేమంత్ ఇంతకుముందే మీతో అన్నాడని చెప్పండి. అంతే." ఆయన గొంతు తగ్గించాడు. "వచ్చే నెల కాంట్రాక్టులు రెన్యూ చెయ్యాలి. లిస్టు నా దగ్గరే ఉంది. మీరు ఒంటరిగా పిల్లాణ్ణి పెంచుకుంటున్నారని నాకు తెలుసు కదండి."

నెల జీతం రాకపోతే మరుసటి నెల కిరాయి కట్టలేని బతుకు తనది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. తెలిసే మాట్లాడుతున్నాడు.

ఆయన వెళ్లాక అనసూయమ్మ కళ్లు తెరిచింది. నిద్రపోతోందనుకుంది సుష్మ.

"బిడ్డ నోట్లో మందు పోసినోడే, ఇప్పుడు మాట గూడా పోస్తాండాడా?" అంది. "వాడు లేసినాక అడుగుతాడే సుష్మా, నా పేరు జెప్పి అబద్ధం ఎందుకు జెప్పినావమ్మా అని. ఏం జెప్తావు?"

"లేస్తాడా అమ్మా?"

ముసలామె పళ్ల సంచిని కాలితో బెంచీ కిందికి తోసింది.

క్లబ్‌హౌస్ నిండిపోయింది. ముందు వరసలో ఉదయ్ భాస్కర్, ఆయన పక్కన ఎస్సై. కార్యదర్శి శ్రీనివాసరావు మైకు అందుకున్నాడు. సర్కారు కొలువు నుంచి రిటైరై, కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడిన మనిషి.

"జరిగింది చాలా దురదృష్టమండి. మన పిల్లలు బంగారం లాంటివాళ్లు. బయటి మనుషుల వల్లే ఇదంతా. సెక్యూరిటీ ఏజెన్సీని మార్చేస్తున్నాం. పనివాళ్ల సంచులు ఇకనుంచి రానూ పోనూ తనిఖీ చేస్తాం. సుష్మగారు రెండు ముక్కలు మాట్లాడతారు."

సుష్మ మైకు తీసుకోలేదు.

"నిన్న నేను గేటు కాడ నర్సింహను కొట్టినాను. మీరంతా చూసినారు. ఆయన తప్పేం లేదు. తప్పు నాది. మందు ఆయన తేలేదు. ఉదయ్ భాస్కర్ గారి ఇంట్లో, ఆయన బార్‌లోది, ఆయన చేత్తోనే పిల్లలకు పోసిచ్చినాడు. నా కొడుకు పడిపోతే పరువు పోతుందని గదిలో పెట్టినారు."

హాల్లో ఒక్కసారిగా గొంతులు లేచాయి.

"ఏం మాట్లాడుతున్నారండి? ఆయన పెట్టిన అన్నం తింటూ..."

"కొడుకుని అదుపులో పెట్టుకోలేక ఊరిమీద పడితే ఎలా?"

"మొగుడు లేని ఇల్లు. ఇంతకంటే ఏమవుతుంది?"

వెనక నుంచి ఒకాయన, "మేమూ ఇంట్లో పిల్లలకు బీరు రుచి చూపిస్తాం. అదో నేరమా?" అన్నాడు. ఎస్సై అతని వైపు తిరిగి చూసేసరికి గభాల్న కూర్చున్నాడు.

ఉదయ్ భాస్కర్ తొణకలేదు. "పాపం, నిద్ర లేదు ఆమెకి. కోపం తెచ్చుకోకండి ఎవరూ. సుష్మగారూ, నిన్న మీరు ఆఫీసులో ఉన్నారు. మీరు చూశారా?"

"చూడలేదు." సుష్మ హాలంతా కలయజూసింది. "మీ పిల్లలు చూసినారు. తొమ్మిది మంది ఉన్నారు ఆ ఇంట్లో. మీరెవరన్నా మీ బిడ్డను అడిగినారా? నువ్వు తాగినావా, ఎవరు పోసినారు అని ఒక్కరన్నా అడిగినారా? ఇప్పుడు పిలిచి అడగండి. నా కొడుకు నోట్లో గొట్టముంది, నేను అడగలేను. మీరు అడగండి."

ఎవరూ కదల్లేదు. తల్లులు ఫోన్లలోకి చూశారు. రెండో వరసలో రసజ్ఞ తల దించుకుని ఉంది. ఆమె ముంజేతిని తల్లి వీరలక్ష్మి గట్టిగా పట్టుకుని ఉంది.

కిటికీ పక్కన కూర్చున్న కృష్ణప్రియ లేచింది. బ్యాంకులో పనిచేసే మనిషి, సుష్మతో లిఫ్టులో నవ్వడం తప్ప ఏనాడూ మాట్లాడింది లేదు. కిటికీలోంచి బయటికి చూసి కూతుర్ని పిలిచింది.

"తేజూ, జర లోపలికి రా."

"మేడం, పిల్లల్ని ఇందులోకి లాగకండి" అన్నాడు ఉదయ్ భాస్కర్. మొదటిసారి ఆయన మాటలో తొందర కనిపించింది.

"నిన్న లాగింది మీరే కదా" అంది కృష్ణప్రియ.

తేజస్విని బ్యాడ్మింటన్ రాకెట్టుతో గుమ్మంలోకి వచ్చింది. చెమట పట్టి ఉంది. అంతమంది పెద్దలు తనవైపే చూస్తుంటే ఆగిపోయింది. ఆ పిల్ల వెనక, బయట మెట్ల మీద, ఊడ్చేవాళ్లూ తోటమాలీ సెక్యూరిటీ వాళ్లూ గుంపుగా చేరారు. నర్సింహ భార్య అందరికంటే ముందు నిలబడి ఉంది.

"నిన్న అంకుల్ వాళ్లింట్లో మీకు ఎవరు పోశారు?" కృష్ణప్రియ అడిగింది.

తేజస్విని తల్లివైపు చూసింది. "చెప్తే కొట్టవు కదా?"

"కొట్టను. చెప్పు."

శ్రీనివాసరావు గబగబా గుమ్మం దగ్గరికి నడిచాడు. "పనివాళ్లంతా వింటున్నారండి, బాగుండదు. ఏదైనా ఉంటే లోపల్లోపల మాట్లాడుకుందాం" అంటూ తలుపు పట్టుకుని మూయబోయాడు.

సుష్మ వెళ్లి తలుపుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సార్. తెరిచే ఉండనీండి."

"చెయ్యి తీయమ్మా."

"తీయను."

ఆయన అటునుంచి నెట్టాడు. ఆమె ఇటునుంచి ఆపింది. మెట్ల మీదివాళ్లు ఒక మెట్టు పైకెక్కారు. తేజస్విని రాకెట్టును రెండు చేతులా గుండెకు అదుముకుని, మాట్లాడటానికి గొంతు సవరించుకుంది.