బకెట్ బాబాయి పందెం

బకెట్ బాబాయి టీవీలో కనిపిస్తే తప్ప ఆ ఇంట్లో బుడ్డోడి నోట్లోకి ముద్ద పోదు.

రోజూ సాయంత్రం వచ్చే బొమ్మల సీరియల్ అది. అందులో కింది వాటాలో ఓ కుటుంబం ఉంది గానీ, మూడేళ్ల బుడ్డోడు వాళ్లను కన్నెత్తి చూడడు. వాడి ప్రాణమంతా పై వాటాలో ఉండే బకెట్ బాబాయి మీదే. ఆయన నెత్తిన ఎర్ర బకెట్ బోర్లించుకుని, నిచ్చెన మీంచి కిటికీలోకి తల దూర్చి, "కాస్త నిచ్చెన ఉంటే ఇస్తారా?" అంటాడు. బకెట్ చెవుల దాకా దిగి ఉంటుంది గనక ఎవరేం చెప్పినా వినపడదు. నోరు బార్లా తెరిచి "ఆఁ?" అంటాడు. బుడ్డోడూ "ఆఁ?" అంటాడు. అదే అదనుగా వాళ్లమ్మ ముద్ద కుక్కేస్తుంది. బాబాయి ఉండేది కాసేపే. ఆ కాసేపట్లో ఎన్ని "ఆఁ"లైతే అన్ని ముద్దలు.

"పిల్లాడికి అన్నం పెడుతున్నావా, పోస్టు డబ్బాలో ఉత్తరాలు వేస్తున్నావా?" అని అత్తగారు సాగదీసేది.

"ఎలాగోలా లోపలికి పోతోంది కదత్తయ్యా."

మొన్నటి జ్వరానికి వాడు పుల్లలా అయిపోయాడు. శనివారం పొద్దున తూకం చూస్తాననీ, పెరగకపోతే ఆస్పత్రిలో ఉంచి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందనీ చెప్పింది డాక్టరమ్మ. ఆ మాట విన్నప్పటినుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు.

సరిగ్గా సోమవారమే కథ అడ్డం తిరిగింది. శనివారం సాయంత్రం దాకా నోరు విప్పనని బాబాయి కింది వాటా వాళ్లతో పందెం కట్టాడు. పెదాలు బిగించి, బుగ్గలు పూరించి, చేతులతో సైగలు చేస్తూ ఇల్లంతా కలియతిరిగాడు. టీవీలో అందరూ పగలబడి నవ్వారు. బుడ్డోడు నవ్వలేదు. వాడూ పెదాలు బిగించాడు.

తల్లి బతిమాలింది. బుజ్జగించింది. కసిరింది, కసిరినందుకు తనే ఏడ్చింది. వాడు కిమ్మనలేదు. నిద్రలో పట్టిన పాలే ఆధారమయ్యాయి.

లిఫ్టులు బాగుచేసే మొగుడు ఇంటికొచ్చి, ఫోనులో పాత కథ పెట్టి చూపించాడు. వాడు తల అడ్డంగా ఊపి, టీవీ వైపు వేలు చూపించి, ఆ వేలే పెదాల మీద పెట్టుకున్నాడు.

"పాత బాబాయి చెల్లడంట. ఇరుక్కున్న లిఫ్టునైనా కదిలిస్తా గానీ, నీ కొడుకు దవడ నా వల్ల కాదు."

"ఇప్పుడు నా కొడుకయ్యాడా? ముద్దొచ్చినప్పుడు మీ కొడుకూ, మొండికేస్తే నా కొడుకూనా?"

గురువారం ఉండబట్టలేక ఛానెల్ వాళ్లకి ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"మీ ఫిర్యాదు చెప్పండి మేడమ్."

"బకెట్ బాబాయి నోరు తెరవడం లేదమ్మా."

"సౌండు రావట్లేదా? ఓసారి టీవీ ఆపి మళ్లీ వేయండి."

"సౌండు కాదమ్మా, నోరు! మా వాడు ఆయన్ని చూసి అన్నం మానేశాడు. రేపు ఒక్కసారి 'ఆఁ' అనిపించండి, మీకు పుణ్యముంటుంది."

"అవన్నీ ఎప్పుడో గీసేసి ఉంటారండీ. ఇంకేమైనా సాయం కావాలా?"

తల్లి ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. కింది వాటా వాళ్లు బాబాయి కాలి మీద ఇస్త్రీ పెట్టె పడేశారు, చంకల్లో చక్కిలిగిలి పెట్టారు. ఆయనకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆవులింత వచ్చినట్టే వచ్చింది. తల్లి చేతిలో ముద్ద పైకి లేచింది. బాబాయి రెండు చేతులా నోరు మూసుకుని కిటికీలోంచి వెళ్లిపోయాడు. ముగింపు పాట వచ్చేసింది.

"ఒక్క ముద్ద నాన్నా. ఆఁ... ఆఁ..." అంది తల్లి.

"ఆఁ అనరా బంగారం" అంది అత్తగారు. వెటకారమంతా ఎటో పోయింది. మొగుడు కూడా మోకాళ్ల మీద కూర్చుని "ఆఁ" అన్నాడు. ముగ్గురూ తెరిచిన నోళ్లతో వాడి ముందు అలాగే ఉండిపోయారు.

బుడ్డోడు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. వాడికి జాలేసినట్టుంది. అమ్మ చేతిలోని ముద్ద జాగ్రత్తగా తీసి అమ్మ నోట్లో పెట్టాడు. గడ్డం కింద చెయ్యి పెట్టి మెల్లగా నోరు మూశాడు. నమలమని సైగ చేశాడు.

అది వాడి కడుపులోకి పోవాల్సిన ముద్ద. ఉమ్మేద్దామంటే వాడు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆమె నమలసాగింది.