అత్తగారి డబ్బా

నర్సరీలో అత్తగారంటే చెట్టు. ఇంట్లో అత్తగారంటే అత్తగారే. ఈ ఇద్దరినీ ఎప్పుడో ఒకప్పుడు కలిపి చూడాల్సి వస్తుందని కోడలికి తోచలేదు. తోచి ఉంటే అంత గొడవ జరిగేదే కాదు.

కోడలిది కొండ దిగువన ఉన్న అటవీ నర్సరీలో మొక్కలు పెంచే ఉద్యోగం. శిఖరాల దగ్గర తప్ప బతకని ఒక రకం పైన్ చెట్టును కాపాడడమే అక్కడి వాళ్ళ పని. వెనకటికి చలికాలంలో బెరడు తొలిచే పురుగు గడ్డకట్టి చచ్చేది. ఇప్పుడు చలి తగ్గింది, పురుగు హాయిగా పిల్లాపాపలతో బతుకుతోంది, చెట్లు చస్తున్నాయి. పురుగు దయతలచిన వాటిని తుప్పు తెగులు పట్టుకుంటోంది. వాలు మొత్తం ఎండిపోయినా ఒక్క ముసలి చెట్టు మాత్రం ఆ తెగులును పూచికపుల్లతో సమానంగా చూసింది. బతిమాలినా నాలుగు కాయలు కాసేది కాదు, ఎక్కబోతే కొమ్మతో కొట్టేది. చెట్లెక్కే పనివాణ్ణి అందరూ ఉడత అంటారు. ఒకసారి అతను మొహం గీరుకుపోయి దిగి, "ఇది చెట్టు కాదండీ, అచ్చం మా అత్తగారు!" అన్నాడు. ఆ పేరు ఖాయమైపోయింది.

కిందటి వేసవిలో అత్తగారికీ పురుగు పట్టింది. పక్షులు ఎత్తుకుపోకుండా ఉడత ముందే కాయలకు వలసంచులు తొడిగి, పండాక కోసుకొచ్చాడు. గింజలన్నీ ఒలిస్తే చిన్న గుడ్డసంచీ నిండింది. తెగులుకు లొంగని ఆ వంశానికి మిగిలింది అంతే. నర్సరీ చల్లగది యంత్రం మొరాయిస్తుండడంతో, బాగయ్యేదాకా ఇంటి ఫ్రిజ్‌లో ఉంచుతానని కోడలు పూచీ పడి తెచ్చుకుంది. స్టీలు డబ్బాలో పెట్టి, మూతమీద కాగితం అంటించి, అలవాటు కొద్దీ "అత్తగారు" అని రాసింది.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే కమ్మటి వాసన తగిలింది. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఏదో నములుతోంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెం నిండా పెంకులు.

"ఏం తింటున్నారత్తయ్యా?"

"నువ్వు దాచిపెట్టినవే. వేయించి కాస్త ఉప్పు చల్లాను. పెంకు రాయిలా ఉంది గానీ, పప్పు మాత్రం మహా రుచిగా ఉందమ్మాయ్."

కోడలు భుజాన సంచీ ఉండగానే వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. డబ్బా లేదు.

"అత్తయ్యా, అవి తినేవి కావు! విత్తనాలు! అలాంటి చెట్టు ఇంకెక్కడా లేదు, అదీ పోతోంది!"

"మరి డబ్బా మీద నా పేరెందుకు రాశావు?"

"అది మీ పేరు కాదు. చెట్టు పేరు."

"చెట్టుకి అత్తగారని పేరేంటి?"

మొండిది కాబట్టి అన్న మాట కోడలి నోటిదాకా వచ్చి ఆగింది. "అన్నీ పోయినా అదొక్కటే నిలబడింది కాబట్టి" అంటూ నేలమీద కూలబడి భోరుమంది.

నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియక పెద్దావిడ దాన్ని బుగ్గన పెట్టుకుంది. చివరికి మింగేసింది. "నా పేరు రాసి మరీ ఏదో దాచావని పొద్దున్నుంచీ మురిసిపోతున్నాను. పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాను" అంది. గొంతులో కోపం లేదు, చిన్నబోయింది. ఆ మాటకి కోడలి ఏడుపు ఇంకాస్త ఎక్కువైంది.

"ఏడవకు. సగమే వేయించాను" అంటూ ఆవిడ లేచి, అలమరలోంచి మూతపెట్టిన గిన్నె తీసుకొచ్చింది. "ఇది నీ వాటా. చల్లారినవి నువ్వు ముట్టవుగా. నువ్వొచ్చాక వేడివేడిగా వేయిద్దామని పచ్చివే ఉంచాను."

కోడలు గిన్నెను రెండు చేతులా పట్టుకుని గుండెకు హత్తుకుంది. మర్నాడు సంగతంతా విన్న నర్సరీ పెద్దసారు తల పట్టుకున్నాడు. తర్వాత, "మిగిలినవి నా ఇంటికి మాత్రం పంపకండి, నాకూ అత్తగారుంది" అన్నాడు.

ఆ సగంలో చాలావరకు మొలిచాయి. పరీక్షకని తెగులు అంటించి చూసినా ఎక్కువ మొక్కలు తట్టుకున్నాయి. అవి జానెడు ఎత్తు అందుకునేసరికి ఏళ్ళు పట్టింది. ఈలోగా కొండమీది అత్తగారు ఎండిపోయింది.

నాటే రోజున పెద్దావిడ తనూ వస్తానని పట్టుబట్టి జీపెక్కింది. పాత వాలుకు ఇక వేడి ఎక్కువని, ఇంకా పైన, ఎండ ఆలస్యంగా వచ్చే పక్కన చోటు చూశారు. దారిలో ఎండిన చెట్టు దగ్గర ఆవిడ జీపు ఆపించి తలెత్తి చూసింది. "ఇదా నేను? నాకంటే సన్నంగా ఉందే!" అంది.

పైకి చేరాక ఉడత మొక్కలకు కట్టే రేకు ముక్కలు తీశాడు. "వీటికేం పేరు రాయమంటారు?"

"కోడళ్ళు అని రాయి. ఫ్రిజ్‌లో పెట్టినా నేను ముట్టుకోను."

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం మోకాళ్ళమీద కూర్చుని, ఒక మొక్క చుట్టూ మట్టి నొక్కుతూ, ఎవరికీ వినపడదనుకుని మెల్లగా అంది.

"మీ వాళ్ళని సగంమందిని నేనే తినేశాను తల్లీ. మీరైనా నాలుగు కాలాలపాటు చల్లగా ఉండండి."

పక్కనే గుంట తవ్వుతున్న కోడలికి వినపడింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఈ చెట్లకోసం ఆమె కోరుకుంటున్నది కూడా అదే.