పద్నాలుగో నంబరు మీటరు

టికెట్ల కౌంటరు వెనక ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చుని రిటైరైన మనిషికి ఇంకొకరి కౌంటరు ముందు నిలబడటమంత నామోషీ మరొకటి ఉండదు. అందుకే ఆవిడ నిలబడలేదు. కుర్చీ అడిగి తెప్పించుకుని, కరెంటు ఆఫీసు గుమాస్తాకి సరిగ్గా ఎదురుగా వేయించుకుని మరీ కూర్చుంది. చుట్టాలందరూ ఆవిడని కౌంటరమ్మ అంటారు. మొహం మీద కాదు లెండి, అంత ధైర్యం ఎవరికీ లేదు.

సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన కాలనీ అది. గీత గీసినట్టు వీధులు, వీధికి ఇరవై ఇళ్ళు, అన్నిటికీ ఒకే రంగు, ఒకే గేటు. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకి ఇక్కడి గాలి మంచిదనీ, కరెంటు పోవడమన్నదే ఉండదనీ చెప్పి అమ్మారు. ఆ రెండు మాటలకే కౌంటరమ్మ పడిపోయింది. ఎనభై రెండేళ్ళ అత్తగారు ఆరు నెలలుగా ఆక్సిజన్ మిషను మీద బతుకుతోంది, మిషనేమో కరెంటు మీద బతుకుతుంది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి హాస్పిటల్ వ్యాను అత్తగారిని తిన్నగా కొత్తింటికే తీసుకొస్తుంది. అప్పటికి ఇంట్లో కరెంటు ఉండి తీరాలి.

అత్తాకోడళ్ళకి ముప్పై ఏళ్ళుగా ఉప్పూ నిప్పూ. కూర దగ్గర్నుంచి కర్టెన్ల దాకా దేనిమీదా ఒక్క మాట కలవలేదు. అయినా ఆ ముసలావిడ ఊపిరి కోసం ఈ కోడలు పడే తాపత్రయం కడుపున పుట్టినవాళ్ళు కూడా పడరు. కడుపున పుట్టినవాడే, అంటే ఆవిడ భర్తే, ఆ మాట ఒప్పుకుంటాడు.

పొద్దున లారీ ఆగింది మొదలు ఆవిడ కాలు ఒక చోట నిలవలేదు. నీళ్ళవాళ్ళని పిలిపించి కొళాయిలు తిప్పించింది, గ్యాసువాణ్ణి కూర్చోబెట్టి గొట్టం రెండుసార్లు పరీక్ష చేయించింది. హాల్లో స్విచ్చు వేస్తే మాత్రం లైటు వెలగలేదు. ఇల్లు అమ్మినాయన కనెక్షను గొడవేదో తేల్చకుండా చేతులు దులుపుకుని పోయాడని తీర్మానించేసి, నాలుగు తిట్లు తిట్టి, ఇంటి కాగితాలు సంచిలో పడేసుకుని ఆఫీసుకి వచ్చింది. అదీ కథ.

గుమాస్తా నెమ్మదైనవాడు. కాగితాల్లో ఇంటి నంబరు పద్నాలుగు అని చూసి, కంప్యూటర్లో పద్నాలుగు కొట్టి, ఈ మీటరు మీద ఇప్పటికే కనెక్షను నడుస్తోంది కదండీ అన్నాడు. మీ కంప్యూటర్లో నడుస్తోందేమో గానీ మా ఇంట్లో నడవట్లేదు అంది కౌంటరమ్మ. పాతది రద్దయితే తప్ప కొత్తది ఇవ్వడం కుదరదట. రద్దు చెయ్యాలంటే మనిషి వచ్చి ఇల్లు చూసి వెళ్ళాలట. దానికి రెండు రోజులు పడుతుందట.

రెండు రోజులు అనే మాట కౌంటరమ్మ తన సర్వీసులో కొన్ని వేలసార్లు వాడి ఉంటుంది. దానికి అర్థమేమిటో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఫారం తెప్పించుకుని, కళ్ళజోడు సర్దుకుని, వెనకవైపు చీమల్లాంటి అక్షరాలు చదివింది. ప్రతి ఫారంలోనూ ఎక్కడో ఒక సందు ఉంటుంది. ఇందులోనూ ఉంది. ఇల్లు ఖాళీగానే ఉందని యజమాని సొంత పూచీ మీద రాసిస్తే తనిఖీ అవసరం లేదు. ఆవిడ అక్కడికక్కడే రాసి, సంతకం పెట్టి, కాగితం గుమాస్తా ముందుకి తోసింది. ఇరవై ఎనిమిదేళ్ళు కౌంటర్లో పనిచేసినదాన్ని, ఏది అసలు రూలో ఏది పైపై తతంగమో నాకు తెలియదా అని కూడా అంది.

గుమాస్తా ఇంకా నసిగాడు. "పేరు కలవట్లేదండీ. మీకు ఇల్లు అమ్మినాయన పేరు వేరు, ఇక్కడున్న పేరు వేరు."

"అద్దెకున్నవాళ్ళదై ఉంటుంది. నొక్కండి," అంది కౌంటరమ్మ.

ఆయన నొక్కాడు. అప్పటికి సమయం రెండుకి పావు తక్కువ.

అక్కణ్ణుంచి ఇల్లు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలూ కౌంటరమ్మ నేల మీద నడవలేదు. రెండు రోజుల పనిని ఇరవై నిమిషాల్లో తెమిల్చింది మరి, మజాకా? ఇంటికి రాగానే లారీలోంచి బీరువా దింపిస్తున్న భర్తని ఆపి, పూస గుచ్చినట్టు మొత్తం చెప్పింది. ఆయన వినీ విననట్టు తలాడించి, నీతో పెట్టుకుని నెగ్గినవాడెవడులే అన్నాడు. అది మెచ్చుకోలో వేళాకోళమో ఆవిడ పట్టించుకోలేదు. అత్తగారి గదిలోకి వెళ్ళి, మంచం గోడవైపు జరిపించి, మిషను పెట్టేచోటు తుడిచి, ప్లగ్గు ఎక్కడుందో మరోసారి చూసుకుంది.

ఇంతలో లైన్‌మాన్ వచ్చాడు. కొత్త మీటరుకి సీలు వెయ్యాలని చేతిలో కాగితం, నడుముకి పనిముట్ల సంచీ. ఉప్పుగాలికి మీటర్లు తుప్పు పడతాయని ఈ కాలనీలో వాటిని ఇళ్ళకి బిగించరు. వీధి మధ్యలో ఒక గోడ కట్టి, ఇరవై మీటర్లనీ ఒకే ఇనప పెట్టెలో పెట్టి తలుపు వేశారు. లైన్‌మాన్ అక్కడికి పోకుండా ముందు ఇంట్లోకి వచ్చి, తలుపు వెనక ఉన్న మెయిన్ స్విచ్చు పైకి ఎత్తాడు.

హాల్లో లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది.

కౌంటరమ్మకి ఒక్క క్షణం సంతోషమే కలిగింది. కనెక్షను అప్పుడే వచ్చేసిందా అని అడిగింది.

ఎప్పుడూ పోలేదండీ, ఎవరో మెయిన్ దించి ఉంచారంతే అన్నాడు లైన్‌మాన్. తర్వాత కాగితం చూసుకుని తల గోక్కున్నాడు. మీ మీటరు ఏడో నంబరండీ, ఇక్కడేమో పద్నాలుగు రద్దు చేసినట్టు రాశారే అన్నాడు. మాది పద్నాలుగో ఇల్లయ్యా, గేటు మీద అంత పెద్ద అంకె కనబడలేదా అని కౌంటరమ్మ గదిమింది. అప్పుడతను ఓపిగ్గా చెప్పాడు. ఇళ్ళవాళ్ళు సముద్రం వైపు నుంచి అంకెలు వేశారు. కరెంటువాళ్ళు తీగలు లాక్కొచ్చిన రోడ్డు వైపు నుంచి వేశారు. ఇరవై ఇళ్ళ వీధిలో పద్నాలుగో ఇంటి మీటరు ఏడు, ఏడో ఇంటి మీటరు పద్నాలుగు. ఈ వీధి కరెంటువాళ్ళకి తిరగబడి ఉంటుందని ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తనిఖీకి ఎవరొచ్చినా మొదట చూసేది అదే.

"అయితే ఇప్పుడు ఎవరింట్లో తీశారు?" అన్నాడు భర్త.

లైన్‌మాన్ ఏడో ఇంటి వైపు చూశాడు. అతని మొహం మారిపోయింది. "అక్కడ పెద్దాయన మిషను మీద ఉంటారండీ," అన్నాడు.

కౌంటరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. మిషను ఆగితే ఏమవుతుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆర్నెల్లుగా రోజూ రాత్రి పక్కన పడుకుని విన్న ఊపిరి అది. ఆఫీసుకి ఫోను చేసింది. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. రెండు దాటింది, భోజనాల వేళ. భోజనాల వేళ కౌంటర్లో మోగే ఫోను ఎవరూ ఎత్తరని ఆవిడకి బాగా తెలుసు. తన సర్వీసంతా తనూ ఎత్తలేదు. పరిగెత్తింది. అరవై దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది.

ఏడో ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. ముందుగదిలో పెద్దాయన మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకి వంగి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మెడ దగ్గర నరాలు తాళ్ళలా లేచాయి. ఆయన భార్య పక్కన కూర్చుని ఒక చేత్తో అట్టముక్కతో విసురుతూ, రెండో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. కౌంటరమ్మని చూసి ఎవరని కూడా అడగలేదు. చిన్న సిలిండరు కిందటి నెలే ఖాళీ అయిందట. కరెంటు పోని చోటు కదా అని మళ్ళీ నింపించలేదట. కాలనీ ఆఫీసుకి ఫోను చేస్తే వీధంతా కరెంటుంది, మీ స్విచ్చులే చూసుకోండన్నారట. ఈయన్ని వదిలి గడప దాటలేకపోయిందట.

లైన్‌మాన్ మీటరు గోడ దగ్గరికి పోయి చూసి వచ్చాడు. ఆఫీసు నుంచి మూసిన మీటరు ఆఫీసే తెరవాలి, ఇక్కడ తన చేతిలో ఏమీ లేదన్నాడు. మరైతే మా ఇంటికి మోసుకుపోదాం అంది కౌంటరమ్మ. ఆ తర్వాత ఎవరు ఎటు పట్టుకున్నారో ఆవిడకి గుర్తు లేదు. భర్త, లారీ కూలీలు ఇద్దరూ కలిసి పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా లేపారు. లైన్‌మాన్ మిషను ఎత్తాడు. గొట్టం నేలకి రాసుకోకుండా కౌంటరమ్మ పట్టుకుంది. ఏడిళ్ళు దాటారు. ఆయన్ని అత్తగారి మంచం మీదికి చేర్చి, ఆవిడ కోసం తుడిచి ఉంచిన చోట మిషను పెట్టి ప్లగ్గు గుచ్చారు. అది ఒకసారి కూతపెట్టి బుసబుసమంటూ మొదలైంది.

పెద్దాయన పెదవులకి రంగు రావడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా ఆఫీసు ఫోను ఎత్తారు. గుమాస్తా అయ్యో అయ్యో అంటూ పై ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరు కూడా వచ్చి చూశాడు. గండం గడిచింది, ఇవాళంతా మనిషి కనిపెట్టుకుని ఉండాలన్నాడు. అప్పుడు పెద్దాయన వెంటే వచ్చిన ఆయన భార్య, ఆ ముసలావిడ, కౌంటరమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. దేవతలా వచ్చావు తల్లీ, ముక్కూమొహం తెలియని మాకోసం పరిగెత్తుకొచ్చావు అంది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. గుమాస్తా చెప్పడు, వాడి ఉద్యోగం వాడికి కావాలి. భర్త ముందే గుమ్మంలోంచి కళ్ళతో వద్దని సైగ చేస్తున్నాడు. కౌంటరమ్మ ఆ వైపు చూడలేదు. ఆవిడకి సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతోంది.

"పిన్నిగారూ, మీ కరెంటు పోలేదు. నేను తీయించాను," అంది.

మొత్తం చెప్పింది. నంబరు, ఫారం వెనక దొరికిన సందు, సంతకం, ఏదీ దాచలేదు. పేరు కలవట్లేదని గుమాస్తా చెప్పినా తను వినలేదని కూడా చెప్పింది. ముసలావిడ చేతులు వెనక్కి తీసుకుంది. తిడుతుందనుకుంది కౌంటరమ్మ. కొట్టినా పడదామనే అనుకుంది.

"ఇరవై ఏడు నిమిషాలమ్మా," అంది ముసలావిడ. "గడియారం చూస్తూనే ఉన్నా. ఇరవై దాటేసరికి ఇక లాభం లేదనిపించింది. ఆ బాధ చూడలేకపోయాను. ఇంక కష్టపడకండి, నా గురించి బెంగ పెట్టుకోకండి, వెళ్ళిపొండి అని చెప్పేశాను."

కౌంటరమ్మ ఆవిడకి ఎదురుగా కూర్చుంది.

"ఆయన విన్నారు. సరేనని తలూపారు కూడా."

ఇద్దరూ మంచం వైపు చూశారు. పెద్దాయన కళ్ళు తెరిచే ఉన్నాడు. గోడకేసి చూస్తున్నాడు. మిషను పెట్టినప్పటి నుంచీ ఆయన ఒక్కసారి కూడా భార్య వైపు తిరగలేదని కౌంటరమ్మకి అప్పుడు తెలిసింది.

"యాభై ఒక్కేళ్ళు కాపురం చేశాను," అంది ముసలావిడ, ఆయనకి వినబడకుండా, గొంతు బాగా తగ్గించి. "పొమ్మన్నాను. పోలేదు. రేపు పొద్దున ఏ మొహం పెట్టుకుని ఆయన్ని పలకరించమంటావో నువ్వే చెప్పు."

బయట గేటు దగ్గర వ్యాను ఆగింది. అమ్మ వచ్చిందని భర్త పిలిచాడు. రెండోసారి కూడా పిలిచాడు. కౌంటరమ్మ లేవలేదు. ముసలావిడ ఆవిడ మొహంలోకే చూస్తూ జవాబు కోసం కూర్చుని ఉంది.